షుగర్ ఫ్రీ బిస్కెట్లు తింటున్నా షుగర్ ఎందుకు తగ్గట్లేదు?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నా వయసు 44. నాలుగేళ్లుగా షుగర్ ఉంది. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర పొద్దున, రాత్రి వేసుకుంటున్నాను. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 7.9 వచ్చింది. విశాఖలో చదువుకుంటున్న మా పెద్దబ్బాయి నా ఫోన్‌లో యాప్ పెట్టి, తిన్నదల్లా అందులో రాయమన్నాడు. ప్యాకెట్ మీద కార్బోహైడ్రేట్ ఒక వరుసలో, షుగర్స్ ఇంకో వరుసలో ఉంటున్నాయి. రెండూ కలిపి రాస్తున్నాను. మధ్యాహ్నం అన్నం తూచి పావుకిలో అని వేస్తున్నాను. రోజుకు 400 గ్రాములు దాటిందని చూపిస్తోంది. భయపడి రాత్రి అన్నం మానేశాను. టీలోకి మామూలు బిస్కెట్లు మాని షుగర్ ఫ్రీవి తింటున్నాను. అప్పటినుంచి పొట్ట ఉబ్బరంగా ఉంటోంది. తెల్లవారుజామున చెమటలు పట్టి మెలకువ వస్తోంది, అది ముట్లు ఆగే వయసు వల్లేమో. నేను చూడాల్సింది కార్బోహైడ్రేటా, చక్కెరా? చోడి (రాగి) అంబలిలో చక్కెర ఉండదు కదా, అది ఎంతైనా తాగొచ్చా? ఇంట్లో పిల్లలకి కూడా షుగర్ ఫ్రీవే కొనమంటారా?

సమాధానం: అమ్మా, లేబుళ్ల సంగతి తర్వాత మాట్లాడుకుందాం. మీరు చివర్లో మామూలుగా రాసేసిన ఆ చెమటల సంగతి ముందు చూడాలి.

గ్లిమెపిరైడ్ మీరు తిన్నారా లేదా అని చూడదు. క్లోమ గ్రంథిని ప్రేరేపించి ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. రాత్రి మాత్ర అలాగే వేసుకుని అన్నం మాత్రం మానేస్తే ఆ ఇన్సులిన్‌కు పనిచేయడానికి తగినంత ఆహారం ఉండదు, రక్తంలో గ్లూకోజ్ పడిపోతుంది. తెల్లవారుజామున చెమటలు, గుండెదడ, పీడకలలు, లేచాక తలనొప్పి దీని లక్షణాలే. ముట్లు ఆగే వయసులోనూ చెమటలు పడతాయి, కాదనను. ఏది నిజమో తేల్చాలంటే ఆ సమయంలోనే గ్లూకోమీటర్‌తో చూసుకోవాలి. 70 కంటే తక్కువ ఉంటే అది లో షుగరే.

అప్పుడు మూడు చెంచాల చక్కెర, అంటే సుమారు 15 గ్రాములు, నీళ్లలో కలుపుకుని తాగండి. పావుగంట ఆగి మళ్లీ చూడండి. ఇంకా 70 దాటకపోతే ఇంకోసారి తాగండి. మీ మాత్రల అట్ట మీద వోగ్లిబోస్ అనే పేరు కూడా ఉందేమో ఇప్పుడే చూసుకోండి. మూడు మందులు కలిసిన మాత్రలు మన దగ్గర చాలామంది వాడుతున్నారు. వోగ్లిబోస్ ఉంటే మామూలు చక్కెర పేగులో విడిపోవడానికి ఆలస్యం అవుతుంది, కాబట్టి మెడికల్ షాపులో దొరికే గ్లూకోజ్ పొడే వాడాలి. అలాంటి సమయంలో షుగర్ ఫ్రీ బిస్కెట్ పనికిరాదు. చాక్లెట్ కూడా అంతే, అందులోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది.

ఈ రాత్రి నుంచే మళ్లీ భోజనం చేయండి. ఒకటి రెండు రోజుల్లో మీ డాక్టరుగారిని కలిసి ఈ చెమటల సంగతి చెప్పండి. మాత్ర డోసు తగ్గించాల్సి రావచ్చు. ఆ నిర్ణయం ఆయన తీసుకోవాలి, మీరే మానేయొద్దు.

ఇక మీ లెక్క. ప్యాకెట్ మీద కార్బోహైడ్రేట్ అని రాసిన అంకెలో పిండిపదార్థం, చక్కెర రెండూ కలిసే ఉంటాయి. దాని కిందే కాస్త లోపలికి జరిపి రాసే ‘టోటల్ షుగర్స్’ ఆ మొత్తంలో చక్కెర వాటా ఎంతో చెబుతుంది. దానికీ కింద ఉండే ‘యాడెడ్ షుగర్స్’ ఆ చక్కెరలో తయారుచేసేవాళ్లు బయటినుంచి కలిపింది ఎంతో చెబుతుంది. నెల ఖర్చు మొత్తం రాసుకుని, అందులోని పాల ఖర్చును మళ్లీ దానికి కలిపితే ఎలా ఉంటుందో మీ లెక్క అలా ఉంది. యాప్‌లో కార్బోహైడ్రేట్ ఒక్కటే వేయండి.

మామూలు టీ బిస్కెట్ల ప్యాకెట్ మీద 100 గ్రాములకు కార్బోహైడ్రేట్ 76, అందులో చక్కెర 22 అని ఉందనుకుందాం. నాలుగు బిస్కెట్లు దాదాపు 25 గ్రాముల బరువు ఉంటాయి. అంటే కార్బోహైడ్రేట్ 19 గ్రాములు, అందులో చక్కెర అయిదున్నర. మీరు దీన్ని ఇరవై నాలుగున్నర అని రాస్తున్నారు. ఇప్పుడు షుగర్ ఫ్రీ ప్యాకెట్ తీసుకోండి. చక్కెర సున్నా, కానీ పై వరుసలో కార్బోహైడ్రేట్ 66. నాలుగు బిస్కెట్లకు పదహారున్నర గ్రాములు. అంత ధర పెట్టి కొంటే మీకు మిగిలింది రెండున్నర గ్రాములు! మైదా అలాగే ఉంది, నూనె తరచుగా ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ‘ఇందులో షుగర్ లేదు కదా డాక్టర్’ అంటూ నాలుగుకు బదులు ఆరు తింటారు. ఆరు తింటే పాతిక గ్రాములు. మామూలు బిస్కెట్లు నాలుగు తిన్నా అంత కాదు.

మైదాలో ఉన్న పిండిపదార్థం నాలుకకు తియ్యగా ఉండదు గానీ పేగులోకి వెళ్లాక గ్లూకోజ్‌గానే మారుతుంది. ‘షుగర్ ఫ్రీ’ అని వేసుకోవాలంటే మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ లెక్క ప్రకారం 100 గ్రాములలో చక్కెర అర గ్రాముకు మించకూడదు. ఆ మాట చక్కెర గురించే, పిండి గురించి కాదు. కంపెనీ అబద్ధం చెప్పలేదు, మనం చదివేటప్పుడే దాన్ని ‘షుగర్ జబ్బువాళ్లకు మంచిది’ అనుకుంటున్నాం. మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పొడి కూడా ఇలాంటిదే. లేబుల్ మీద చక్కెర వరుసలో దాదాపు కనిపించదు, రక్తంలో మాత్రం చక్కెరంత వేగంగా గ్లూకోజ్‌ను పెంచుతుంది. షుగర్ పేషెంట్ల కోసమని అమ్మే కొన్ని పొడుల్లోనూ అది పైవరుసల్లో కనిపిస్తుంది. దినుసుల జాబితాను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాయాలన్నది నియమం, కాబట్టి మొదటి మూడు పేర్లు చదివితే చాలు, ప్యాకెట్ ముందువైపు ఏ బొమ్మ వేసినా సరే.

మీ పొట్ట ఉబ్బరానికీ ఆ జాబితాలోనే జవాబు ఉండొచ్చు. మాల్టిటాల్, సార్బిటాల్ లాంటి పేర్లు, లేదా 965, 420 అనే అంకెలు ఉన్నాయేమో చూడండి. వీటిని పాలియాల్స్ అంటారు. పూర్తిగా అరగవు, కిందికి వెళ్లి గ్యాస్ పుట్టిస్తాయి, ఎక్కువైతే విరేచనాలవుతాయి. వీటిలో గ్రాముకు మామూలు చక్కెర కంటే తక్కువ కేలరీలు ఉంటాయి, గ్లూకోజ్‌ను కూడా తక్కువగా పెంచుతాయి. కానీ సున్నా కాదు. వోగ్లిబోస్, మెట్‌ఫార్మిన్ కూడా గ్యాస్ తెప్పిస్తాయి. ముందు ఆ బిస్కెట్లు ఒక వారం ఆపి చూడండి, తగ్గకపోతే మాత్రల గురించి ఆలోచించవచ్చు.

400 గ్రాములు రావడానికి ఇంకో కారణం కూడా ఉందని నా అనుమానం, బహుశా ఇదే పెద్దది. మీరు తూచింది అన్నం. యాప్‌లో ‘రైస్’ అని వెతికితే చాలాసార్లు మొదట వచ్చేది బియ్యం లెక్క. బియ్యంలో 100 గ్రాములకు 78 గ్రాముల కార్బోహైడ్రేట్ ఉంటుంది. వండితే నీళ్లు పీల్చుకుని బరువు రెండున్నర నుంచి మూడింతలవుతుంది, అందుకే అన్నంలో 100 గ్రాములకు 28 దగ్గర ఉంటుంది. పావుకిలో అన్నానికి అసలు లెక్క 70. దాన్నే బియ్యం కింద వేస్తే 195 అవుతుంది! ఒక్క పూటకే 125 గ్రాములు ఎక్కువ పడుతుంది. ఇకనుంచి ‘కుక్డ్’ లేదా ‘బాయిల్డ్’ అని ఉన్నదాన్నే ఎంచుకోండి. లేదా వండేముందు బియ్యమే తూచి ఇంటిల్లిపాదికీ పంచి లెక్క వేయండి. నాకైతే రెండోదే నమ్మకం. మెత్తగా వండిన అన్నానికీ పొడిపొడిగా వండినదానికీ నీళ్లలో తేడా ఉంటుంది గానీ బియ్యంలో ఉండదు. నీళ్లలో నానబెట్టిన అన్నం, అదే పఖాళకు కూడా ఇదే దారి. నీళ్ల బరువు వదిలేసి, అందులో పడిన బియ్యం ఎంతో వేసుకోండి. రాత్రంతా నానిన అన్నంలో కొంత పిండి అరగని రకంగా మారుతుందన్నది నిజమే, కానీ ఆ కొంచెం తగ్గుదలను చూసుకుని రెండు గిన్నెలు తినకూడదు.

ప్యాకెట్ మీద అంకెలు 100 గ్రాములకు ఇచ్చారా, ఒక వడ్డనకు ఇచ్చారా అన్నది కూడా చూడాలి. మామిడి జ్యూస్ అట్టపెట్టె మీద 100 మిల్లీలీటర్లకు చక్కెర 14 అని ఉంటే, చిన్నదే కదా అనిపిస్తుంది. పెట్టె 250 మిల్లీలీటర్లు. తాగేది 35 గ్రాములు, ఏడు చెంచాలు. పక్కన శాతం కూడా వేస్తారు. అది ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు 2000 కేలరీలు, 50 గ్రాముల యాడెడ్ షుగర్ లెక్కన కట్టింది. ఆ 50 ‘ఇంతకు మించొద్దు’ అనే గీత, మీరు చేరుకోవాల్సిన అంకె కాదు.

దీనికి ఎదురు ఉదాహరణ పెరుగు. ప్లెయిన్ పెరుగు డబ్బా మీద టోటల్ షుగర్స్ 4 లేదా 5 అని కనిపించి చాలామంది మానేస్తారు. కింద యాడెడ్ షుగర్స్ సున్నా ఉంటుంది. అది పాలలో సహజంగా ఉండే లాక్టోజ్. కార్బోహైడ్రేట్ లెక్కలో వేసుకోండి, భయపడకండి.

చోడి అంబలి విషయానికి వస్తే, మీ గజపతి జిల్లాలో చోళ్ల గురించి నేను ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. 2017లో ఒడిశా మిల్లెట్ మిషన్ మొదలైన తొలి జిల్లాల్లో అదీ ఒకటి, ఇప్పుడు ఒడియావాళ్ల మాండియా జావుకు పట్టణాల్లో కూడా గిరాకీ. చోళ్లలో 100 గ్రాములకు కార్బోహైడ్రేట్ 67 గ్రాములు, పీచు 11 గ్రాముల వరకు, కాల్షియం దాదాపు 350 మిల్లీగ్రాములు. బియ్యం కంటే మేలే. కానీ ‘చక్కెర ఉండదు’ అన్న మాటకూ ‘ఎంతైనా తాగొచ్చు’ అన్న మాటకూ సంబంధం లేదు. పెద్ద గ్లాసు అంబలికి 30 గ్రాముల పిండి పడితే 20 గ్రాముల కార్బోహైడ్రేట్. అందులో బియ్యపు నూక వేసి ఉడికించే అలవాటు ఉంటే ఆ నూక లెక్క అదనం. పైగా మెత్తటి పిండిని పలచగా కాచి తాగితే రొట్టె నమిలి తిన్నప్పటి కంటే త్వరగా అరుగుతుంది. ఒక గ్లాసు తాగండి, మజ్జిగ కలుపుకుని, బెల్లం లేకుండా. బెల్లానికి మంచి పేరు ఉంది గానీ 100 గ్రాములలో 85 గ్రాములు కార్బోహైడ్రేటే. బజారులో దొరికే రాగి మాల్ట్ మిక్స్, రాగి బిస్కెట్ ప్యాకెట్లు కొనేముందు జాబితాలో రాగి ఎన్నో స్థానంలో ఉందో చూడండి. చాలావాటిలో మైదా, చక్కెర దాని కంటే ముందే ఉంటాయి.

రోజుకు ఎంత తినొచ్చు అన్నది మీ బరువు, పని, మాత్రలను బట్టి ఉంటుంది. చాలామంది పెద్దవాళ్లకు పూటకు 45 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్‌తో మొదలుపెట్టి చూస్తారు. మధ్యాహ్నం పావుకిలో అన్నాన్ని 180 గ్రాములకు తగ్గించి, రాత్రి మానేసినదాన్ని కొద్దిగా వెనక్కి తెచ్చుకుంటే మూడు పూటలకూ సమంగా పంచినట్టవుతుంది. ఖాళీ అయిన చోట పప్పు, గుడ్డు, చేప, ఆకుకూర పెట్టుకోండి. అయితే డోసు సరిచేయించుకున్నాకే మధ్యాహ్నం అన్నం తగ్గించండి. తగ్గించాక భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకు గ్లూకోమీటర్‌తో చూసుకుని 180 లోపు ఉందేమో రాసుకోండి. యాప్ అంచనా మాత్రమే చెబుతుంది, మీ ఒంటికి అది సరిపోయిందో లేదో మీటరే చెబుతుంది.

ఆ రీడింగులకూ హెచ్‌బీఏ1సీకీ పొంతన కుదరకపోతే మీ డాక్టరుగారితో ఒక మాట అనండి. దక్షిణ ఒడిశాలోనూ పక్కనున్న మన ఏజెన్సీలోనూ సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) ఉన్న కుటుంబాలు తక్కువేమీ కాదు. ఎర్ర కణాలు త్వరగా చనిపోయేవాళ్లలో ఈ పరీక్ష అసలు కంటే తక్కువ చూపిస్తుంది. ఐరన్ తక్కువై రక్తహీనత ఉన్న ఆడవాళ్లలో ఎక్కువ చూపించవచ్చు.

పిల్లలకు షుగర్ ఫ్రీ అవసరం లేదమ్మా. చక్కెరకు బదులు వాడే సుక్రలోజ్ లాంటి తీపి పదార్థాలతో బరువును అదుపులో పెట్టుకోవాలని చూడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. ఆ సలహా అప్పటికే షుగర్ ఉన్నవాళ్లకు వర్తించదు గానీ మీ పిల్లలకు వర్తిస్తుంది. వాళ్లకు సాయంత్రం ఉడకబెట్టిన శనగలో, వేరుశనగలో, అరటిపండో పెట్టండి. మామూలు బిస్కెట్లు ఎప్పుడైనా తింటే ఫర్వాలేదు. డాక్టరుగారి దగ్గరికి వెళ్లేటప్పుడు మాత్రల అట్ట, తెల్లవారుజామున చూసుకున్న రీడింగులు, టీ పక్కన పెట్టుకునే ఆ బిస్కెట్ ప్యాకెట్ మూడూ సంచిలో వేసుకెళ్లండి.