లారీ కనబడితే చూపు అటే పోతోంది.. ఈ బిళ్లతో తగ్గుతుందా?

ప్రశ్న: నా వయసు 34. నాలుగు నెలల క్రితం హైవేపై ఒక లారీ నా బైక్‌ను రాసుకుంటూ పోవడంతో పడిపోయాను. దెబ్బలు మానాయి గానీ, బండి నడిపేటప్పుడు పక్కన లారీ కనబడగానే చూపు రోడ్డు వదిలి అటు పోతోంది. దాన్ని పట్టించుకోకుండా మనసుకు అలవాటు చేయడం ఎలా? స్నేహితుడు చెప్పాడని ఆల్ప్రజోలం అరబిళ్ల వేసుకుని బయల్దేరుతున్నాను.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు ఆ అరబిళ్ల సంగతి చెప్పాలి. ఆందోళన తగ్గించడానికి ఇచ్చే ఆల్ప్రజోలం మగత తెస్తుంది, బ్రేకు వేయాల్సిన క్షణంలో స్పందనను ఆలస్యం చేస్తుంది. అది వేసుకుని బండి నడపడమంటే మీరు భయపడుతున్న ప్రమాదాన్నే కొనితెచ్చుకోవడం. అమ్మకాలపై గట్టి నియంత్రణ ఉన్న షెడ్యూల్ హెచ్1 మందు కాబట్టి డాక్టర్ చీటీ లేకుండా దీన్ని అమ్మకూడదు, మీరు కొనకూడదు. చదువుకున్నవారు కూడా స్నేహితుల మాట మీద ఇలాంటి మందులు మింగడం చాలా బాధ కలిగిస్తోంది. అయితే రోజూ వాడుతున్నట్లయితే హఠాత్తుగా మానేయవద్దు, ఫిట్స్ రావచ్చు. డాక్టర్ పర్యవేక్షణలో మోతాదు తగ్గించుకుంటూ రావాలి, అంతవరకు బండి తీయవద్దు.

ఇక చూపు విషయం. పూలు, పుట్టగొడుగుల బొమ్మల నడుమ పాము బొమ్మను మనుషులు ఇట్టే పసిగడతారని స్వీడన్ పరిశోధకులు 2001లో చూపారు. మీ మెదడు ఇప్పుడు లారీని కూడా అలా ఇట్టే పసిగట్టాల్సిన ప్రమాదాల జాబితాలో చేర్చుకుంది. చూడకూడదని బిగపట్టుకుంటే దానిపై కాపలా ఇంకా పెరుగుతుంది. కనబడినా ఏమీ కాలేదన్న అనుభవం పదేపదే ఎదురైతేనే మెదడు దానికిచ్చే ప్రాధాన్యాన్ని తగ్గిస్తుంది. పాత భయం పూర్తిగా చెరిగిపోదు, దానిపై కొత్త పాఠం కుదురుకుంటుంది. అందుకే తెలిసిన దారిలో తగ్గిన భయం కొత్త రోడ్డుపైనో, వర్షం పడే రాత్రో తిరిగి రావచ్చు. బిళ్ల మత్తులో ఉంటే ఆ పాఠం సరిగా ఒంటబట్టకపోవచ్చు. అలాగని హైవేపై లారీని అసలు పట్టించుకోకపోవడమూ మంచిది కాదు. అద్దంలో ఒకసారి గమనించి, చూపును వెంటనే రోడ్డు మీదికి తెచ్చుకోగలిగితే చాలు.

సైకాలజిస్టులు దీన్ని అంచెలంచెలుగా సాధన చేయిస్తారు: ముందు లారీల వీడియోలు, తర్వాత రోడ్డుపక్క సురక్షితమైన చోట కూర్చుని చూడటం, ఆపై వెనక సీటులో ప్రయాణం, చివరికి స్వయంగా నడపడం. పీడకలలు, ఉలికిపాటు, ఆ దారినే తప్పించుకోవడం కూడా ఉంటే, నాలుగు నెలలు దాటింది కాబట్టి, పీటీఎస్‌డీ (ప్రమాదం లాంటి ఘటన తర్వాత వెంటాడే మానసిక సమస్య) ఉందేమో సైకియాట్రిస్టు పరీక్షించి తేల్చాలి. ఇక జాప్యం చేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేసినా దారి చూపుతారు.

ఒకవేళ చూపు అంచున మెరుపులు, కొత్తగా నల్ల చుక్కలు, తెర వాలినట్టు నీడ కనబడుతుంటే అది భయం వల్ల కాకపోవచ్చు. రెటీనా (కంటి లోపలి పొర) దెబ్బతిన్నదేమో తెలుసుకోవడానికి ఆ రోజే కంటి డాక్టర్‌కు చూపించుకోండి.