నీళ్లు ‘కాలుష్యం’ అయితయా, ‘కలుషితం’ అయితయా?

సందేహం: మా బడిల తొమ్మిదో తరగతి పిల్లగాడు పరీక్షల ‘మా ఊరి బోరు నీళ్లు కాలుష్యం అయినయి, గందుకే మా తాత నడుం వంగింది’ అని రాసిండు. ‘కలుషితం’ అని రాయాలె అని ఒక మార్కు కోసిన. వాళ్ల నాయిన వచ్చి, పేపర్లల్ల గట్లనే రాస్తున్నరు గదా సార్ అన్నడు. ఏది కరెక్టు? ఇంకోటి, వాతావరణ కాలుష్యం వల్ల పాడైన ఈ ఫ్లోరిన్ నీళ్లకు వేరే పేరేమన్న ఉన్నదా?
(దేవరకొండ దిక్కు నుంచి ఒక తెలుగు సారు)

సమాధానం: సారూ, తప్పు పట్టుడు కరెక్టే, కానీ నిండు మార్కు కోసుడు జర ఎక్కువైంది. ఎందుకో చెప్త.

కలుషం అంటే సంస్కృతంల మడ్డిగున్నది, బురదతో కలకబారింది అని. దానికి చివర ‘య’ చేరి మొదటి అక్షరానికి దీర్ఘం వస్తే కాలుష్యం. మధురం నుంచి మాధుర్యం, చతురుడి నుంచి చాతుర్యం ఎట్ల వచ్చినయో గట్లనే. అంటే అది గుణం పేరు, వస్తువు పేరు కాదు. పాయసం మాధుర్యం అయింది అని ఎవ్వరం అనం గదా, నీళ్లు కాలుష్యం అయినయి అనుడు గూడ గసువంటిదే. కలుషితంల చేరింది ‘ఇత’, పూలు పూసింది పుష్పితం, చిగురు పెట్టింది పల్లవితం, కలుషం పట్టింది కలుషితం. కాబట్టి నీళ్లు కలుషితం అయితయి, నీళ్లల్ల కాలుష్యం పెరుగుతది, అట్ల చేసే సరుకు కాలుష్య కారకం అయితది. ఇదంతా మీకు తెలిసిందే.

కానీ ఆ నాయిన మాటను గూడ ఊకె కొట్టిపారేయలేం. ‘ఆలస్యం’ తీస్కోండ్రి. అలసుడు అంటే బద్ధకస్తుడు, వాని గుణం ఆలస్యం, అచ్చం కాలుష్యం పుట్టినట్టే పుట్టిన మాట. మరి బస్సు ఆలస్యమైంది అని మనమందరం అంటున్నం, పరీక్షల రాసినా ఎవ్వరు మార్కు కోయరు. అయింది అనే మాట తెలుగుల దేని పక్కనన్న కూసుంటది, గా అలవాటు మీదనే జనం ‘కాలుష్యం అయింది’ అంటున్నరు. రాతల ఇంకా అంత ఒప్పుదల రాలేదు గాబట్టి పిల్లలకు కలుషితం అనే నేర్పుండ్రి, నోటి మాటల వస్తే మాత్రం వదిలెయ్యుండ్రి.

అసలు ఊర్లె ఈ రెండిట్ల ఏదీ అనరు. నీళ్లు కరాబైనయి అంటరు, మోరీ నీళ్లు కలిసినయి అంటరు, గబ్బు లేస్తున్నది అంటరు, పొలం చౌడువారింది అంటరు. ఒక్కొక్క మాట ఒక్కొక్క రోగం పేరు చెప్తది, ‘కాలుష్యం’ అన్నిటికి ఒక్కటే మూత పెడ్తది. పక్క భాషల సంగతి గూడ తమాషాగ ఉంటది. హిందీవాళ్లు ప్రదూషణ్ అంటరు, మనకేమో దూషణ అంటే తిట్టుడు అయిపాయె. కన్నడంల వాయు మాలిన్య, తమిళంల మాసు, అది వింటే మన మాసిన బట్టలు యాదికొస్తయి. మనం మాత్రం బురద నీళ్ల మాటను పట్టుకున్నం.

ఇక్కడనే మీ రెండో సందేహానికి దారి దొరుకుతది. మా అమ్మమ్మ ఊరు మర్రిగూడ దిక్కు. నా చిన్నప్పుడు వానకాలం చెరువు నీళ్లు తెచ్చి కుండల పోసి, చిల్లగింజ అరగదీసి కలిపేది, లేకుంటే పటిక తిప్పేది, తెల్లారేసరికి మడ్డి అంత అడుగుకు దిగి మీద తేట నీళ్లుండేటివి. కలుషం అంటే గిది, కంటికి కనపడ్తది, గింజతో పోతది. తర్వాత బోర్లు పడ్డయి. బోరు నీళ్లు అద్దం లెక్క ఉండేటివి, గ్లాసుల పోస్తే అవతలి మనిషి మొఖం కనపడేది, గవి చూసి అమ్మమ్మ ఇగ చిల్లగింజ పని లేదనుకున్నది. గా నీళ్లల్లనే ఫ్లోరైడ్ ఉన్నది.

ఆ ఫ్లోరైడ్ ఏ ఫ్యాక్టరీవాడు పోసింది కాదు. నల్లగొండ కింద ఉన్న గ్రానైటు రాళ్లల్ల ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలున్నయి, వానలు తక్కువ, ఎండలెక్కువ, నీళ్లు ఏండ్లకేండ్లు ఆ బండల సందుల నిలిచి వాటిని కరిగించుకుంటయి, బోరు ఎంత లోతుకు పోతే రాయితోని అంత పాత సావాసం ఉన్న నీళ్లు మీదికొస్తయి. తాగే నీళ్లల్ల లీటరుకు 1 మిల్లీగ్రాము దాటొద్దని, వేరే దిక్కు లేకుంటే 1.5 వరకు చెల్లుతదని మన దేశపు ప్రమాణం. అది దాటిన నీళ్లు, పక్కా పండ్లు ఇంకా చిగురు లోపల తయారయ్యే ఈడుల, అంటే ఎనిమిదేండ్ల లోపు పిల్లలు తాగితే పండ్ల మీద మచ్చలొస్తయి, గవాటిని మనం గార పండ్లు అంటం. గార అంటే గోడకు పూసే సున్నం గదా, పూత అనుకోని వేపపుల్లతో ఎంత తోమినా పోదు, ఎందుకంటే అది మీద పట్టింది కాదు, పన్ను లోపల తయారైతున్నప్పుడే చేరింది. ఇంకా ఎక్కువున్న నీళ్లు ఏండ్ల తరబడి తాగితే ఎముకలల్ల చేరి నడుం, మోకాళ్లు బిగుసుకపోతయి. మీ పిల్లగాడు వాళ్ల తాత గురించి రాసింది గిదే.

కాబట్టి ‘ఫ్లోరైడ్ కాలుష్యం’ అంటే నాకు మనసొప్పదు. కాలుష్యం అన్నప్పుడు ఎవరో చేసిండ్రు అనే అర్థం వెంబడి వస్తది, ఇక్కడ చేసినోడు లేడు, ఇది రాయి గుణం. ‘ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు’ అని ఉన్నదున్నట్టు రాస్తే చాలు. ‘ఫ్లోరిన్ నీళ్లు’ అని మన జిల్ల మొత్తం అంటది, నేనూ అంట, కానీ ఫ్లోరిన్ అనేది వాయువు, నీళ్లల్ల ఉండేది ఫ్లోరైడ్, సైన్సు సారు పేపరు దిద్దితే గా మార్కు గూడ పోతది. ఇంకో చిత్రం, ఈ ఫ్లోరైడ్ తీసెయ్యనీకి నాగ్‌పూర్‌ల ఉన్న నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తేర్చే ఒక పద్ధతి తయారు చేసింది, దాని పేరు ‘నల్గొండ టెక్నిక్’. ప్రపంచంల ఎక్కడ నీళ్ల మీద పుస్తకం రాసినా మన జిల్ల పేరు అట్ల ఎక్కింది. మా అమ్మమ్మ తిప్పిన పటికనే, కాకపోతే కొలత వేరు, సున్నం తోడు.

మూసీ సంగతి దీనికి ఉల్టా. అనంతగిరి గుట్టల్ల పుట్టేటప్పుడు తేటనే, హైదరాబాద్ దాటి బయటపడేసరికి పట్నం మోరీలు, కంపెనీలు వదిలిన నీళ్లు అన్ని కలిసి నల్లబడ్తది, కత్వల కాడ, అంటే నదికి కట్టిన అడ్డుకట్టల కాడ, సబ్బు నురుగు మంచం ఎత్తు లేస్తది. మురుగును కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నీళ్లల్ల ఉన్న ఆక్సిజన్ అంత తాగేస్తయి, అందుకే చాపలు తేల్తయి. భువనగిరి, వలిగొండ దిక్కు ఆ నీళ్లతోనే వరి నాటు పెట్టేటోళ్లు కాళ్లు దురద అంటరు. వాడపల్లి కాడ కృష్ణల కలిసేదాక అదే మూసీ. ఇక్కడ చేసినోళ్లున్నరు, కానీ మన వాక్యం చూడండ్రి, ‘మూసీ కలుషితమైంది’ అంటం, దానంతట అదే అయినట్టు. ఇక్కడ వ్యాకరణం తప్పేం లేదు, అయినా నేనైతే ‘మూసీని కలుషితం చేసిండ్రు’ అనే రాస్త. పేపర్లల్ల ఇంకొకటి కనపడ్తది, ‘కాలుష్య కాసారంగా మూసీ’ అని. కాసారం అంటే చెరువు. పారే నదిని చెరువు చేసిన ఘనత హెడ్డింగులు పెట్టేటోళ్లదే.

వాతావరణం సంగతి. వాత అంటే గాలి, దాని ఆవరణం వాతావరణం. అన్ని దిక్కులా చుట్టుకొని ఉన్నది, పరి ఆవరణం, పర్యావరణం. మిర్యాలగూడ రైస్ మిల్లుల ఊక బూడిద, వరి కొయ్యకాళ్లు తగలబెట్టిన పొగ, లారీల పొగ, ఇవి వాతావరణంల కలుస్తయి, వాయు కాలుష్యం అంటే ఇంకా సాఫుగ ఉంటది. నీళ్లు, నేల, గాలి అన్ని కలిపి చెప్పాల్నంటే పర్యావరణ కాలుష్యం. చట్టాలు గూడ గట్లనే విడివిడిగ వచ్చినయి, నీళ్లకు 1974ల, గాలికి 1981ల, భోపాల్ గ్యాస్ తర్వాత మొత్తం పర్యావరణానికి 1986ల.

డీజే లొల్లికి ‘శబ్ద కాలుష్యం’ స్థిరపడింది, రాత్రి 10 దాటినంక ఇండ్లున్న కాడ 45 డెసిబెల్స్ మించొద్దని రూలు. మాకు వ్యాకరణంల శబ్దం అంటే పదం గూడ, శబ్దకోశం అంటే నిఘంటువు, అందుకే ఆ మాట విన్నప్పుడల్ల తప్పుల తెలుగు యాదికొచ్చి నవ్వొస్తది. ధ్వని కాలుష్యం అన్నా నడుస్తది.

ఇగ లెక్క తేల్చుదాం. కోసిన మార్కుల సగం ఆ పిల్లగానికి తిరిగి ఇచ్చెయ్యుండ్రి. మిగిలిన సగం మీ ఖాతాల రాస్కోండ్రి సారూ, బండరాయి చేసిన పనిని ‘వాతావరణ కాలుష్యం వల్ల’ అని రాసింది మీరే గదా.