విశాఖను కూడా సవరలోనే రాయి

తమ్ముడూ,

మీ కొండల్లోని గిరిజనుల సవర భాషలో నువ్వు రాసిన కథ, పక్కన రాసిన తెలుగుతో సహా చదివాను. సంతల్లో విని నేర్చుకున్న సవర నాది, అయినా సీతంపేట కొండమీది పోడు, మీ నాయనమ్మ మాట, గోడబొమ్మలు కళ్లకు కట్టాయి. అయితే కథ విశాఖలోని గాజువాక చేరగానే మనుషులంతా తెలుగులోకి మారిపోయారు. నా బెంగంతా అక్కడే.

కొండ దిగిన కుటుంబాల్లో జరుగుతున్నదీ ఇదే. బడికి, పనికి, బజారుకు తెలుగు. సవరకు మిగిలేది ముసలివాళ్లతో ఫోన్. ఇక పిల్లలు దాన్ని ఊరి భాష అనుకోరా? నీ కథ కూడా ఆ మాటే అంటే ఎలా? అద్దె గది, నైట్ డ్యూటీ, సూపర్‌వైజర్‌తో గొడవ, ఇవన్నీ సవరలో రాయి. డ్యూటీ, ఓటీపీ లాంటి మాటలకు కొత్త పదాలు పుట్టించక్కర్లేదు. నీ రూమ్మేట్లు వాటిని సవర వాక్యంలో ఎలా కలుపుతున్నారో విని, అలాగే పెట్టు. అది కల్తీ అనేవాళ్లుంటారు, పట్టించుకోకు. తెలుగు రోడ్డును, బస్సును కలుపుకోలేదా?

ఏ లిపి అని అడిగావు. మంగేయి గొమాంగో 1936లోనే సవర కోసం సొరంగ్ సొంపెంగ్ అనే లిపి తయారుచేశారు. వీలైతే నేర్చుకో. కానీ అంతదాకా కథ ఆపకు. మీ ఊళ్లో చదివేవాళ్లకు తెలుగు అక్షరాలు వచ్చు కదా, వాటితోనే రాయి. గొంతులో ఠక్కున ఆగే శబ్దానికి తెలుగులో అక్షరం లేదు. ఏదో ఒక గుర్తు ఎంచుకుని చివరిదాకా అదే వాడు. రాశాక వాయిస్ మెసేజ్‌లో మీ అమ్మకు చదివి వినిపించు. ఆవిడ “ఏమన్నావు?” అని అడిగితే ఆ వాక్యం తిరగరాయి.

గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజున మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. ఆయన పర్లాకిమిడిలో సవర నేర్చుకుని, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చువేయించిన సంగతి వేదికలమీద పెద్దగా వినపడదు. జనం నోట ఉన్నదే భాష అని తెలుగు కోసం పోరాడిన మనిషి, సవరనూ ఆ గౌరవంతోనే చూశాడు. ఆ పుస్తకాలు దొరికితే దగ్గర పెట్టుకో. అయితే గాజువాకలో ఇవాళ సవర ఎలా మాట్లాడుతున్నారో వాటిలో ఉండదు. అది నువ్వే రాయాలి.

ముందు ఆ సూపర్‌వైజర్ గొడవ రాసి పంపు. ఈసారి పక్కన తెలుగు వద్దు. అర్థంకానిచోట నేనే ఫోన్ చేసి అడుగుతాను.

మీ అన్నయ్య