ఇటుక బట్టీల ఇంధనం, పొగ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఖరీఫ్ ధాన్యం మిల్లులకు చేరి సంక్రాంతి దాటిందంటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇటుకల పని మొదలవుతుంది. తొలకరి పడేదాకా బట్టీలు ఒకటి తరువాత ఒకటి కాలుతూనే ఉంటాయి. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఈ బట్టీల గురించినవే కాబట్టి వాటికి ఒకేచోట జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: మాది చిన్న బట్టీ. విడతకు 50 వేల ఇటుకలు పేర్చి ఊకతో, సరుగుడు కట్టెలతో కాలుస్తాము. సీజనులో నాలుగైదు విడతలకు మించి కాల్చలేము. ఊక ధర ఏటేటా పెరుగుతోంది. జిగ్‌జాగ్ బట్టీకి మారితే ఇంధనం సగానికి తగ్గుతుందని ఒకరు, మీలాంటి చిన్నవాళ్ళకు అది పనికిరాదని మరొకరు అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?
– బట్టీ యజమాని, రాజాం

జవాబు: ఇద్దరి మాటా నిజమే. ముందు లెక్క చూడండి. మీరు వాడే పేర్పుడు బట్టీలో ఒక కిలో ఇటుక కాలడానికి సుమారు 2 నుంచి 3 మెగాజౌళ్ళ వేడి ఖర్చవుతుంది. బాగా నడిపే జిగ్‌జాగ్ బట్టీలో 1 నుంచి 1.2 మెగాజౌళ్ళు సరిపోతాయి. ఇటుక బరువు 3 కిలోలు అనుకుంటే మీ 50 వేల ఇటుకలు 150 టన్నులు. కిలో ఊక 13 మెగాజౌళ్ళ వేడి ఇస్తుందని వేసుకుంటే, కిలో ఇటుకకు 2.5 మెగాజౌళ్ళ చొప్పున మీకు ఒక విడతకు దాదాపు 29 టన్నుల ఊకకు సమానమైన ఇంధనం కావాలి. అదే ఇటుకను 1.1 మెగాజౌళ్ళతో కాల్చగలిగితే 13 టన్నుల లోపే సరిపోతుంది.

ఇంత తేడా రావడానికి కారణం మంటలో లేదు, మంట పుట్టించిన వేడిని తిరిగి వాడుకోవడంలో ఉంది. మీ బట్టీలో ఇటుక 900 డిగ్రీలు దాటి ఎర్రగా కాలిన తరువాత, ఆ వేడంతా రోజుల తరబడి గాలిలో కలిసిపోతుంది. పైనుంచి లేచే పొగ కూడా వేడిని మోసుకుపోతుంది. నిరంతరం నడిచే బట్టీలో మంట ఒకచోట ఆగదు, వరుసగా పేర్చిన ఇటుకల మధ్య ముందుకు జరుగుతూ పోతుంది. లోపలికి వచ్చే గాలి అప్పటికే కాలి చల్లారుతున్న ఇటుకల మీదుగా రావడం వల్ల తానే వేడెక్కి మంటను చేరుతుంది. మంట దాటిన పొగ, చిమ్నీకి చేరేలోగా, ముందున్న పచ్చి ఇటుకలను ఆరబెట్టి వేడిచేస్తుంది. ఈ సూత్రం మీద జర్మనీలో ఫ్రీడ్రిక్ హాఫ్‌మన్ 1858లో వలయాకారపు బట్టీకి పేటెంటు తీసుకోగా, బుల్ అనే ఆంగ్ల ఇంజనీరు 1876లో దాన్నే పైకప్పు లేకుండా, తక్కువ ఖర్చులో కట్టుకునేలా మార్చాడు. మన దేశంలో పొడవాటి చిమ్నీతో కనిపించే పెద్ద బట్టీలు చాలావరకు ఆ బుల్ బట్టీ వంశమే. జిగ్‌జాగ్‌లో ఇటుకలను గదులు గదులుగా పేర్చి గాలి వంకరటింకరగా ప్రయాణించేలా చేస్తారు. అలా మలుపులు తిరగడం వల్ల గాలి, బొగ్గు బాగా కలిసి, నల్లపొగ రాకుండా పూర్తిగా మండుతాయి. బుల్ బట్టీతో పోలిస్తే బొగ్గు సుమారు అయిదోవంతు ఆదా అవుతుంది, ధూళి, మసి అంతకంటే చాలా ఎక్కువగా తగ్గుతాయి.

చిక్కు ఏమిటంటే, జిగ్‌జాగ్ బట్టీ రోజుకు 20 వేల నుంచి 50 వేల ఇటుకలు కాలుస్తూ సీజనంతా ఆరకుండా నడవాలి. సీజను మొత్తానికి రెండు లక్షల పైచిలుకు ఇటుకలు చేసే మీరు ఒక్కరే దాన్ని నడిపితే, వారం పది రోజుల్లో పచ్చి ఇటుక అయిపోయి మంట ఆపవలసి వస్తుంది. చుట్టుపక్కల పది పదిహేను మంది చిన్న బట్టీల వారు కలిసి ఒకటి కట్టుకోగలిగితే మాట వేరు. నిలువు బట్టీ మరో మార్గం. చైనాలో పుట్టిన ఈ పద్ధతిలో పచ్చి ఇటుకను నిలువు గొట్టంలో పైనుంచి నింపుతారు, మంట మధ్యలోనే నిలిచి ఉంటుంది, రెండు మూడు గంటలకొకసారి కాలిన ఇటుకను కిందినుంచి దించుకుంటారు. ఒక్కో గొట్టం రోజుకు నాలుగైదు వేల ఇటుకలు ఇస్తుంది, వేడి ఖర్చు కిలోకు 0.7 నుంచి 1 మెగాజౌలే. స్విట్జర్లాండు ప్రభుత్వ సహాయంతో 1996లో మధ్యప్రదేశ్‌లోని దతియాలో దీన్ని మన దేశంలో మొదటిసారి కట్టారు. మన పొరుగున ఒడిశాలో గ్రామ్ వికాస్ సంస్థ కూడా ఆ ప్రయత్నంలో పాలుపంచుకుంది. అయినా ఇది అనుకున్నంతగా వ్యాపించలేదు. ఇటుక ఒక్క రోజులో వేడెక్కి, కాలి, చల్లారిపోతుంది కాబట్టి జిగట ఎక్కువగా ఉన్న మట్టి ఆ వేగానికి తట్టుకోలేక బీటలిస్తుంది. మీ మట్టితో చేసిన కొన్ని వందల ఇటుకలను ముందుగా పరీక్షించుకోకుండా దీని జోలికి వెళ్ళవద్దు.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2022 ఫిబ్రవరి 22న ఇచ్చిన నోటిఫికేషను ప్రకారం కొత్త బట్టీ ఏదైనా జిగ్‌జాగ్ గానో, నిలువు బట్టీగానో ఉండాలి, లేదా పైపుల ద్వారా వచ్చే సహజవాయువుతో నడవాలి. పాతవి మారడానికి, గాలి నాణ్యత ప్రమాణాలను అందుకోని నగరాలకు 10 కిలోమీటర్ల లోపు ఉంటే ఏడాది, మిగిలిన చోట్ల రెండేళ్ళు గడువు పెట్టారు. శ్రీకాకుళం, విజయనగరం పట్టణాలు రెండూ ఆ నగరాల జాబితాలో ఉన్నాయన్న సంగతి మన బట్టీల వారిలో చాలామందికి తెలియదు. మీ బట్టీకి వర్తించే తేదీని కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకున్న తరువాతే పెట్టుబడి పెట్టండి.

ఇక ఈ సీజనులోనే, పైసా పెట్టుబడి లేకుండా చేయగలిగినది ఒకటుంది: ఇటుకను పూర్తిగా ఆరబెట్టడం. చిన్న బట్టీల వారు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే అని నా అభిప్రాయం. ఇటుకలో పదోవంతు తడి మిగిలిందంటే ఒక్కో ఇటుకలో 300 గ్రాముల నీరు ఉన్నట్లు. 50 వేల ఇటుకల్లో అది 15 టన్నులు. కిలో నీటిని ఆవిరిగా మార్చడానికి సుమారు 2.6 మెగాజౌళ్ళు కావాలి కాబట్టి, ఆ నీటిని తోలడానికే మూడు టన్నుల ఊక ఆహుతవుతుంది. పైకి ఆరినట్లు కనిపించే ఇటుకను మధ్యకు విరిచి చూడండి. లోపల రంగు ముదురుగా ఉంటే తడి ఉన్నట్లే. దొంతులను ఇటుకకూ ఇటుకకూ సందు వదిలి పేర్చి, మొదటి రోజుల్లో ఎండ నేరుగా తగలకుండా తాటాకు కప్పి, తరువాత గాలికి విడవండి. త్వరగా పేర్చాలన్న తొందరలో నాలుగు రోజులు ఆదా చేసి, ఆ నాలుగు రోజుల కూలికి మించిన ఊకను తగలబెట్టుకునేవారే ఎక్కువ.

తరువాతిది బట్టీ ఆకారం. పొడవుగా, సన్నగా పేర్చిన బట్టీకి పక్కగోడలు ఎక్కువ, వేడి నష్టమూ ఎక్కువ. వీలైనంత చదరంగా, ఎత్తుగా పేర్చి, పక్కలను ఊక కలిపిన మట్టితో మందంగా మెత్తండి. మన ప్రాంతంలో మార్చి దాటితే సముద్రపు గాలి ఒకవైపునుంచే బలంగా కొడుతుంది కాబట్టి ఆ వైపు తడికలు కట్టకపోతే అటు ఇటుక పచ్చిగా మిగిలి, ఇటు ఇటుక మాడి నల్లబడుతుంది. పనికిరాకుండా పోయిన ఒక్కో ఇటుక వెనుక మంచి ఇటుకకు పట్టినంత ఇంధనమూ పోయిందన్న సంగతి లెక్కల్లో ఎవరూ రాయరు.

చివరగా, మట్టిలోనే కొంత ఇంధనం కలపడం. జల్లెడ పట్టిన బొగ్గు పొడి, రైసు మిల్లు బాయిలరునుంచి వచ్చే సగం కాలిన నల్ల బూడిద ఇందుకు పనికివస్తాయి. ఇటుక లోపలినుంచి కూడా కాలుతుంది కాబట్టి బయటి ఇంధనం తగ్గుతుంది, పొగ కూడా తగ్గుతుంది. అయితే మోతాదు మించితే ఇటుక గుల్లబారి బలం పోతుంది, గాలి చాలకపోతే లోపల నల్లగా మిగులుతుంది. మొదట ఒక వెయ్యి ఇటుకల్లో కొద్దిగా కలిపి, వాటికి గుర్తు పెట్టి, కాలిన తరువాత విరిచి చూసి నిర్ణయించుకోండి.

ప్రశ్న: మా ఊళ్ళో జీడిపిక్కల తొక్క తక్కువ ధరకు దొరుకుతుంది. బట్టీలో వేస్తే వేడి బాగా వస్తోంది కాని పొగ ఘాటుకు పనివాళ్ళు నిలబడలేకపోతున్నారు. వాడవచ్చా?
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: నూనె తీయని తొక్కను వాడకండి. ఆ తొక్క బరువులో నాలుగోవంతుకు పైగా నూనే ఉంటుంది. జీడి తగిలితే చర్మం పొక్కి పుండ్లు పడతాయని పలాస వారికి నేను చెప్పనక్కరలేదు. అందుకు కారణమైన పదార్థాలు ఆ నూనెలోనే ఉన్నాయి. బట్టీ ఇంకా వేడెక్కని దశలో తొక్క వేస్తే ఆ నూనె మండకుండానే ఆవిరై, కళ్ళను, ఊపిరితిత్తులను మండించే దట్టమైన పొగగా లేస్తుంది. అది ఆరోగ్యానికి హాని మాత్రమే కాదు, డబ్బు పెట్టి కొన్న ఇంధనం కూడా. బొగ్గులోని కార్బను పూర్తిగా మండితే కిలోకు దాదాపు 33 మెగాజౌళ్ళ వేడి వస్తుంది. గాలి చాలక సగంలో ఆగి కార్బన్ మోనాక్సైడుగా మిగిలితే 9 మెగాజౌళ్ళు మాత్రమే వస్తుంది. తొక్క విషయంలోనూ జరిగేది ఇదే.

నూనె తీసిన పిప్పి దొరికితే అది మంచి ఇంధనమే. అదైనా, మంట దగ్గర ఇటుకలు ఎర్రబడిన తరువాతే, బుట్టలకొద్దీ ఒక్కసారి గుమ్మరించకుండా, కొద్దికొద్దిగా తరచుగా వేయాలి. జిగ్‌జాగ్ బట్టీ కట్టుకున్నవారు కూడా ఈ ఒక్క అలవాటు మార్చుకోక, అరగంటకొకసారి గంపెడు బొగ్గు పోసి, కొత్త బట్టీలోనూ పాత పొగే తెచ్చుకుంటున్నారు. చౌకగా వస్తాయని పాత టైర్లు, ప్లాస్టిక్కు కలిపేవారికి ఒక మాట: 2022 నోటిఫికేషను వాటిని పూర్తిగా నిషేధించింది.

ప్రశ్న: ఇల్లు కడుతున్నాము. ఎర్ర ఇటుక వాడాలా, బూడిద ఇటుక వాడాలా? ఏది పర్యావరణానికి మంచిది, ఏది గోడకు మంచిది?
– ఒక గృహిణి, నెల్లిమర్ల

జవాబు: అమ్మా, బూడిద ఇటుకను కాల్చరు, నీటితో తడిపి గట్టిపరుస్తారు కాబట్టి బట్టీ పొగ ఉండదు, పొలం పైమట్టి కూడా పోదు. అయితే అందులో కలిపే సిమెంటు, సున్నం తయారీకి వేరేచోట ఇంధనం ఖర్చయిందన్నది మరచిపోకూడదు. సిమెంటు బదులు బూడిద, సున్నం, జిప్సం కలిపి చేసే ఫాల్‌-జి పద్ధతిని రూపొందించినవారు విశాఖపట్నానికి చెందిన శాస్త్రవేత్తలు ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ కావడం మన ప్రాంతానికి గర్వకారణం. పరవాడ దగ్గర 2,000 మెగావాట్ల సింహాద్రి విద్యుత్ కేంద్రం ఉండగా మనకు బూడిదకు కొదవ లేదు. నా ఉద్దేశంలో, మీకు దగ్గరలో నమ్మకమైన తయారీదారు ఉంటే బూడిద ఇటుకే మేలు.

నమ్మకమైన అన్న మాట ఊరికే అనలేదు. చాలినన్ని రోజులు తడపకుండా అమ్మేసిన బూడిద ఇటుకతో కట్టిన గోడ తరువాత కుంచించుకుపోయి సన్నగా బీటలిస్తుంది. అచ్చు వేసి ఎన్ని రోజులైందో, ఎన్ని రోజులు తడిపారో అడగండి. రెండు మూడు వారాలు తడిపినదే తీసుకోండి. ఎర్ర ఇటుకైనా, బూడిద ఇటుకైనా ఇంటి దగ్గరే ఈ పరీక్ష చేయవచ్చు: పొడి ఇటుకను తూచి, 24 గంటలు నీటిలో ముంచి, తుడిచి మళ్ళీ తూచండి. పెరిగిన బరువు పొడి బరువులో అయిదోవంతు మించకూడదు. సాధారణ ఎర్ర ఇటుకకు భారతీయ ప్రమాణం ఐఎస్ 1077 పెట్టిన హద్దు కూడా 20 శాతమే. రెండు ఎర్ర ఇటుకలను ఒకదానితో ఒకటి కొడితే ఖంగుమనాలి. మొద్దుగా మోగితే సరిగా కాలలేదన్నమాట, ధర తగ్గించినా తీసుకోవద్దు.

ప్రశ్న: మా మామిడి తోటకు అరకిలోమీటరు దూరంలో ఇటుక బట్టీ ఉంది. సువర్ణరేఖ కాయలు చిన్నగా ఉండగానే కొన నల్లబడి రాలిపోతున్నాయి. పురుగు మందు కొట్టినా తగ్గలేదు. బట్టీయే కారణమా?
– ఒక రైతు, గజపతినగరం

జవాబు: మీరు చెప్పిన లక్షణం చూస్తే బట్టీ పొగ వల్ల మామిడికి వచ్చే కొన నల్లబడే సమస్యే అనిపిస్తోంది. బొగ్గు కాలినప్పుడు వెలువడే సల్ఫర్ డయాక్సైడు వంటి వాయువులు కారణమయ్యే ఈ సమస్య ఉత్తర భారతంలో బట్టీల పక్కన ఉన్న తోటల్లో చాలాకాలంగా గుర్తించినదే. ఇది పురుగు వల్ల గాని, తెగులు వల్ల గాని వచ్చేది కాదు కాబట్టి పురుగు మందుకు లొంగదు, ఆ ఖర్చు ఆపండి. కాయ అడుగు కొన ముందు పాలిపోయి, తరువాత నల్లబడి చదునుగా మారిందా, బట్టీ వైపున్న చెట్లలోనే ఎక్కువగా ఉందా అన్నది చూసుకోండి. తోటంతా సమానంగా ఉంటే వేరే కారణం వెతకాలి. పూతకు ముందు, పిందె దశలో లీటరు నీటికి 6 గ్రాముల బోరాక్సు కలిపి పిచికారీ చేయడం సిఫారసులో ఉంది. మీ ఉద్యాన అధికారికి కాయలు చూపించి మోతాదు నిర్ధారించుకోండి.

దూరం మాటకు వస్తే, పైన చెప్పిన 2022 నోటిఫికేషను బట్టీ ఇళ్ళకు, పండ్ల తోటలకు కనీసం 0.8 కిలోమీటరు దూరంలో ఉండాలని, బట్టీకి బట్టీకి మధ్య కిలోమీటరు ఎడం ఉండాలని చెబుతోంది. బట్టీ ఎప్పుడు పెట్టారో, దానికి మండలి అనుమతి ఉందో లేదో కనుక్కుని, నల్లబడిన కాయల ఫొటోలు తేదీతో సహా జతచేసి కాలుష్య నియంత్రణ మండలికి అర్జీ ఇవ్వండి. అంతకంటే ముందు బట్టీ యజమానితో ఒకసారి మాట్లాడి చూడండి. పూత, పిందె దశల్లో గాలి తోట వైపు వీచే రోజుల్లో కొత్త విడత రాజేయకుండా ఉంటే ఈ ఏడాది కాపులో కొంతైనా దక్కుతుంది.