రాసింది రైటరైనా సంతకం మీదే: పరిశోధన వ్యాసంలో ఏఐ వాడితే?

ప్రశ్న: అనంతపురంలో ఒక డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్‌గా పనిచేస్తూ పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేస్తున్నాను. కళ్యాణదుర్గం వైపు వేరుశనగ రైతుల అప్పుల మీద నా పరిశోధన. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. ఇంగ్లిష్ వచ్చు గానీ జర్నల్ వాళ్ళు మెచ్చేంత రాదు. అందుకని వ్యాసం నేనే రాసి, భాష సరిచేయమని చాట్‌జీపీటీకి ఇచ్చాను. ఉపోద్ఘాతంలో రెండు పేరాలు మాత్రం పూర్తిగా అదే రాసింది. రైతులతో మాట్లాడి రాసుకున్న తెలుగు నోట్సును కూడా దానితోనే ఇంగ్లిష్‌లోకి మార్పించాను. ఒక విదేశీ జర్నల్‌కు పంపేటప్పుడు ‘ఏఐ వాడారా’ అని అడిగితే భయపడి ‘లేదు’ అని టిక్ పెట్టాను. ఇప్పుడు ఎడిటర్ నుంచి మెయిల్ వచ్చింది. నేను ఇచ్చిన రిఫరెన్సుల్లో రెండు ఎక్కడా దొరకడం లేదట, ఏఐ వాడారేమో చెప్పమని 14 రోజుల గడువు ఇచ్చారు. వ్యాసంలో మా గైడ్ సార్ పేరు కూడా ఉంది. ఆయన ‘వాడలేదనే రాసెయ్, ఎవరు నిరూపిస్తారు’ అంటున్నారు. క్యాంపస్ దగ్గర డీటీపీ సెంటర్ అతను డబ్బులిస్తే ఏఐ ఆనవాళ్ళు లేకుండా మార్చి ఇస్తానంటున్నాడు. నేను చేసింది నేరమా? నా రిజిస్ట్రేషన్ పోతుందా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఓ పాఠకురాలు, అనంతపురం

జవాబు: అమ్మా, ముందు నిద్ర సంగతి. పరిశోధన వ్యాసం రాయడానికి ఏఐ వాడితే జైల్లో పెట్టే చట్టం మన దేశంలో లేదు. కాబట్టి ఈ రాత్రికి పడుకోండి. మీరు ఇరుక్కున్నది ఏఐ వాడినందుకు కాదు. ‘లేదు’ అని పెట్టిన టిక్కు దగ్గర, దొరకని ఆ రెండు రిఫరెన్సుల దగ్గర ఇరుక్కున్నారు. రెండింటికీ దారి ఉంది, గడువు దాటకపోతే.

సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు బయట దస్తావేజులు రాసేవాళ్ళను చూసే ఉంటారు. పొలం అమ్మేవాడికి ఆ భాష రాదు కాబట్టి రైటర్ దగ్గరికి పోతాడు. రైటర్ చక్కగా రాసిపెట్టి, చివర్లో ‘ఈ దస్తావేజు రాసినవారు’ అని తన పేరు వేస్తాడు. పేరు వేసినందుకు ఆ పొలంలో అతనికి సెంటు భూమి రాదు. సర్వే నంబరు తప్పుపడితే కోర్టు చుట్టూ తిరిగేది కూడా అతను కాదు, సంతకం పెట్టినవాడు. ‘నేను చదవలేదు సార్, రైటర్ రాశాడు’ అని బోనులో చెప్పినవాళ్ళను నేను చాలామందిని చూశాను. ఆ మాట వల్ల ఒక్కరూ బయటపడలేదు. ఏఐ మీద జర్నళ్ళు పెట్టుకున్న నియమాలను తిరగేస్తే నాకు కనిపించేది ఈ దస్తావేజు పద్ధతే.

చాట్‌జీపీటీ 2022 నవంబరులో వచ్చింది. నెలలు తిరగకముందే కొన్ని వ్యాసాల్లో దాని పేరు రచయితల వరసలోకి ఎక్కింది. 2023 జనవరిలో నేచర్, సైన్స్ పత్రికలు రెండూ అది కుదరదన్నాయి. సైన్స్ అయితే ఏఐ రాసిన వాక్యాలే వద్దని పట్టుబట్టి, అదే ఏడాది నవంబరులో మెత్తబడి, చెప్పి వాడుకోమంది. ప్రచురణల్లో నీతి నియమాలు చూసే ‘కోప్’ ఫిబ్రవరిలో, వైద్య పత్రికల సంపాదకుల సంఘం ఐసీఎంజేఈ మే నెలలో ఇదే దారి పట్టాయి. వాళ్ళు చెప్పిన కారణం మా వకీళ్ళకు బాగా అర్థమయ్యేదే. యంత్రం బాధ్యత తీసుకోలేదు, కాపీరైట్ ఒప్పందం మీద సంతకం చేయలేదు, రేపు ఎవరైనా ప్రశ్నిస్తే జవాబు చెప్పలేదు. అందుకే రచయిత కాలేదు. అయితే వాడినట్టు మీరు చెప్పాలి.

ఎంత వాడితే చెప్పాలి అనేదే మీ కేసులో అసలు ప్రశ్న. స్పెల్లింగు, వ్యాకరణం దిద్దించుకుంటే చెప్పనక్కర్లేదని ఎల్స్‌వియర్, స్ప్రింగర్ నేచర్ లాంటి పెద్ద ప్రచురణకర్తలు అంటున్నారు. ఆ లెక్కన మీరు రాసిన వాక్యాలను సరిచేయించుకున్నంత వరకు పెద్ద గొడవ లేదు. కానీ ఉపోద్ఘాతంలోని రెండు పేరాలు దిద్దుబాటు కాదు, పుట్టించడం. రైతుల మాటలను ఇంగ్లిష్‌లోకి మార్పించడం అంతకంటే పెద్దది, ఎందుకంటే మీ డేటా దాని చేతుల మీదుగా పోయింది. ఈ రెండూ చెప్పితీరాలి. రాతలో సాయానికి కృతజ్ఞతల భాగంలో, డేటా మీద చేసిన పనికి పరిశోధన పద్ధతి రాసే భాగంలో చెప్పమంటుంది ఐసీఎంజేఈ. ఎల్స్‌వియర్ అయితే రిఫరెన్సుల ముందు విడిగా ఒక ప్రకటన అడుగుతుంది. మీ జర్నల్ వెబ్‌సైట్‌లో రచయితలకిచ్చిన సూచనలు తెరిచి, ఎక్కడ రాయమన్నారో అక్కడే రాయండి. బొమ్మల ఊసు మీరెత్తలేదు గానీ, వ్యాసంలో ఏఐ గీసినవి ఏవైనా ఉంటే తీసేయండి. 2024లో ఏఐ గీసిన ఎలుక బొమ్మ ఒకటి, నోటికి రాని వికారమైన అంగాలతో, నిపుణుల పరిశీలన (రివ్యూ) దాటి అచ్చయి, ప్రపంచమంతా నవ్వాక వెనక్కి పోయింది.

ఇప్పుడు టిక్కు సంగతి. అది చిన్న గడిలా కనబడుతుంది గానీ ఒప్పందంలో మీరు చెప్పిన మాట. వ్యాసం అచ్చుకు వెళ్ళేటప్పుడు సంతకం చేసే ఫారంలో కూడా ‘ఇది నా సొంత రచన, ఇందులో చెప్పినవన్నీ నిజం, తేడా వస్తే నష్టం నేనే భరిస్తాను’ అనే అర్థం వచ్చే వాక్యాలు ఉంటాయి. ఎవరూ చదవరు. మా కక్షిదారులూ బ్యాంకు లోను కాగితాల మీద అలాగే సంతకం పెడతారు. మోసం నేరం కావాలంటే, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 ప్రకారం, దురుద్దేశంతో ఒకరిని నమ్మించి ఆస్తి రాబట్టడమో, వాళ్ళకు నష్టం చేయించడమో ఉండాలి. భయపడి పెట్టిన మీ టిక్కులో నాకు అది కనబడటం లేదు. కానీ ఇదే అబద్ధం మీద వ్యాసం అచ్చయి, దాన్ని చూపించి ఉద్యోగమో ఫెలోషిప్పో తీసుకుంటే అప్పుడు మాట్లాడే భాష వేరే అవుతుంది. కాబట్టి దిద్దుకోవలసింది ఇప్పుడే. వ్యాసం ఇంకా అచ్చుకాలేదు. అచ్చయ్యాక దిద్దుకోవడమంటే సవరణ ప్రకటనో, ఉపసంహరణో. ఉపసంహరించిన వ్యాసం మాయమైపోదు, నెత్తిన ఆ ముద్రతో ఇంటర్నెట్‌లో అలాగే ఉంటుంది.

ఎడిటర్‌కు జవాబు పొడుగ్గా వద్దు. ఫలానా టూల్‌ను ఫలానా నెలలో భాష దిద్దడానికి, అనువాదానికి, ఉపోద్ఘాతంలో రెండు పేరాలకు వాడాను. ప్రకటనలో ‘లేదు’ అని పెట్టడం నా తప్పు. ఆ పేరాలను నేనే తిరిగి రాశాను. అనువాదాన్ని అసలు తెలుగు నోట్సుతో సరిపోల్చాను. సవరించిన ప్రతి, ప్రకటన జతచేశాను. అంతే. నా ఇంగ్లిష్, నా మీడియం, మా ఊరి కష్టాలు అని సాగదీయకండి. పంపేముందు పై పనులన్నీ నిజంగా చేసి ఉండాలని వేరే చెప్పాలా?

ఆ రెండు రిఫరెన్సుల విషయంలో మాత్రం నాకు మీ మీద కోపమే వచ్చింది. భాష దిద్దించుకోవడాన్ని సమర్థిస్తాను. లేని పుస్తకాన్ని చదివినట్టు చూపడాన్ని సమర్థించలేను. అది మీరు కావాలని చేసింది కాదు, యంత్రం అల్లిందని నాకు తెలుసు. ఈ దెబ్బ మా వృత్తివాళ్ళకు ముందే తగిలింది. 2023లో న్యూయార్క్‌లో లాయర్లు చాట్‌జీపీటీ చెప్పిన లేని తీర్పులను కోర్టులో దాఖలు చేస్తే, జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశారు. యంత్రం వాడినందుకు కాదు, సరిచూడకుండా దాఖలు చేసి, అడిగాక కూడా వెంటనే ఒప్పుకోకుండా సమర్థించుకోబోయినందుకు. మీ గైడ్ సార్‌కు ఈ సంగతి చెప్పండి. ఆ రెండు రిఫరెన్సులు తీసేసి, వాటిని ఆధారం చేసుకున్న వాక్యాలకు నిజమైన ఆధారం వెతకండి. దొరక్కపోతే ఆ వాక్యాలనే తీసేయండి. మిగతా రిఫరెన్సులన్నీ ఒక్కొక్కటీ తెరిచి చూడండి. రెండు లేనివి దొరికాయంటే మూడోది ఉండదని నమ్మకమేమిటి?

మీరు అడగనిది ఒకటుంది. రైతుల నోట్సు. ఎవరికి ఎంత అప్పు, ఏ బ్యాంకు, ఏ వడ్డీ వ్యాపారి, బంగారం ఎక్కడ కుదువ పెట్టారు, ఇవన్నీ పేర్లతో సహా అందులో ఉండి ఉంటే, ‘మీ వివరాలు బయటికి పోనివ్వం’ అని వాళ్ళకు ఇచ్చిన మాట తప్పినట్టే. చెనక్కాయ రైతు తన అప్పు సంగతి పక్కింటివాడికి కూడా చెప్పడు, మిమ్మల్ని నమ్మి చెప్పాడు. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చింది. చట్టం దాకా పోనక్కర్లేదు, సమ్మతి పత్రంలో మీరు రాసిన వాక్యమే మిమ్మల్ని కట్టేస్తుంది. ఆ అకౌంట్‌లోని చాట్‌లలో పేర్లున్న భాగాలను ముందు మీ రికార్డుకు కాపీ చేసుకుని, తర్వాత అక్కడ తొలగించండి. మీ పరిశోధనకు ఎథిక్స్ కమిటీ అనుమతి ఉంటే వాళ్ళకూ ఒక ముక్క చెప్పండి.

రిజిస్ట్రేషన్ భయం దగ్గరికి వద్దాం. యూనివర్సిటీ ఏ చర్య తీసుకోవాలన్నా చేతిలో ఉన్న ప్రధాన ఆయుధం గ్రంథచౌర్యం మీద యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనలే. థీసిస్‌లో పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 దాకా అయితే ఆరు నెలలు మించకుండా గడువిచ్చి సవరించి ఇమ్మంటారు. 40 నుంచి 60 అయితే ఏడాది పాటు ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. మీరు భయపడుతున్నది ఈ చివరి మాటకు. కానీ ఈ శాతాలు ఇంకొకరి రచనతో పోలికకు సంబంధించినవి. ఆ నిబంధనల్లో ఏఐ అన్న మాటే లేదు. ఇప్పుడు టర్నిటిన్ లాంటి సాఫ్ట్‌వేర్‌లు పోలిక శాతం ఒకటి, ఏఐ శాతం ఒకటి, రెండు అంకెలు చూపిస్తున్నాయి. రెండింటినీ కలిపేసి ‘40 దాటింది, పోయావు’ అనే ఆఫీసు క్లర్కు మాట విని ఏడ్చినవాళ్ళు మా ఆఫీసుకే వచ్చారు. మీ యూనివర్సిటీ ఏఐ మీద సొంతంగా నియమం ఏమైనా చేసిందా, ఏ తేదీన చేసిందో రాతపూర్వకంగా అడగండి.

ఏఐని పట్టే యంత్రాల మీద కూడా గుడ్డి నమ్మకం అక్కర్లేదు. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ సంస్థే అలాంటి పరికరం ఒకటి 2023 జనవరిలో తెచ్చి, సరిగా పనిచేయడం లేదని జులైలో ఆపేసింది. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్ళు టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్ష కోసం స్వయంగా రాసిన వ్యాసాల్లో సగానికి పైగా ఏఐ రాతలని ఇలాంటి పరికరాలు పొరబడ్డాయని అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపించారు. మన తెలుగు మీడియం పిల్లలకు ఇది పనికొచ్చే వాదన. అయితే అమ్మా, ఈ వాదన వాడనివాళ్ళకు. మీరు వాడారు. దీన్ని కవచంలా కట్టుకుని ఎడిటర్‌కు అబద్ధం చెప్పొద్దు. నేనే రాసిన భాగాలను కూడా యంత్రం రాసిందంటున్నారు అని చెప్పుకోవాల్సి వస్తే అప్పుడు తీయండి.

ఒకవేళ ఫిర్యాదు పోయినా ఒక్క రోజులో తల తీయరు. ముందు డిపార్ట్‌మెంట్ స్థాయి కమిటీ 45 రోజుల్లో, తర్వాత యూనివర్సిటీ స్థాయి కమిటీ మరో 45 రోజుల్లో తేల్చాలి. మీ మాట వినకుండా శిక్ష వేయకూడదు, రిపోర్టు కాపీ అడిగే హక్కు మీకుంది. అప్పటికి చేతిలో ఉండాల్సినవి చెబుతాను: చేతిరాత నోట్సు, పాత డ్రాఫ్టులు, ఫైలు ఎప్పుడెప్పుడు మారిందో చూపే వెర్షన్ హిస్టరీ, చాట్ రికార్డు. కోర్టు దాకా పోతే వీటిలో కంప్యూటర్ రికార్డులకు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. అన్యాయం జరిగితే రాజ్యాంగం 226 అధికరణం కింద హైకోర్టుకు పోవచ్చు. 1937లో కోస్తా, సీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడిక నాటి నుంచి సీమవాళ్ళం మనం హైకోర్టు అడుగుతూనే ఉన్నాం గానీ, ప్రస్తుతానికి బస్సు అమరావతికే ఎక్కాలి. ఏఐతో జవాబులు రాశాడని ఫెయిల్ చేసిన ఒక లా విద్యార్థి 2024లో పంజాబ్, హర్యానా హైకోర్టుకు పోయాడు. యూనివర్సిటీయే వెనక్కి తగ్గి పాస్ చేయడంతో కేసు ముగిసిపోయి, అసలు ప్రశ్న తేలలేదు. కంప్యూటర్ పుట్టించిన రచనకు దాన్ని పుట్టించేలా చేసిన మనిషే రచయిత అని మన కాపీరైట్ చట్టం సెక్షన్ 2(డి) అంటుంది. అది హక్కు మాట. వాడినట్టు చెప్పాల్సిన బాధ్యతను ఆ సెక్షన్ తీసేయదు.

ఇంకో ఊరట. పీహెచ్‌డీకి ముందు వ్యాసం అచ్చు కావాల్సిందే అన్న షరతును యూజీసీ 2022 నిబంధనల్లో తీసేసింది. మీ యూనివర్సిటీ సొంతంగా పెట్టుకుందేమో చూసుకోండి. లేకపోతే ఈ ఒక్క వ్యాసం పోయినా డిగ్రీ ఆగదు.

గైడ్ సార్‌తో గొడవ పడొద్దు. కానీ ఆయన కూడా రచయితే, జవాబుదారే. ‘సార్, ఈ జవాబు పంపబోతున్నాను, ఒకసారి చూడండి’ అని డ్రాఫ్టును ఆయనకు మెయిల్ చేయండి. ఫోన్లో కాదు, మెయిల్. నోటితో ‘వాడలేదని రాసెయ్’ అన్నంత తేలిగ్గా రాతలో ఎవరూ అనరు.

డీటీపీ సెంటర్ అతని జోలికి మాత్రం పోకండి. పాత ప్రతి ఇప్పటికే ఎడిటర్ దగ్గరుంది. రెండూ పక్కపక్కన పెడితే మార్చినట్టు తెలిసిపోతుంది, అప్పుడది మీ మీదే సాక్ష్యం. పైగా ఇలా మార్చిపెట్టే సాఫ్ట్‌వేర్‌లు అసలు మాటల బదులు పర్యాయపదాలు దంచుతాయి. కృత్రిమ మేధను ‘నకిలీ చైతన్యం’గా మార్చేసిన వ్యాసాల గుట్టు 2021లో పరిశోధకులే బయటపెట్టారు. మీ వ్యాసంలో కౌలు రైతు ఏమై తేలతాడో ఆ దేవుడికే తెలియాలి. ఈ శని, ఆదివారాలు లైబ్రరీలో కూర్చుని రిఫరెన్సుల పని ముగించండి. జవాబు డ్రాఫ్టు తయారయ్యాక పంపేముందు నాకు చూపించండి, కోర్టు లేని రోజైతే తీరిగ్గా చూస్తాను.