డైహైడ్రోజన్ మోనాక్సైడ్‌ని తెలుగులో ఏమనాలి?

సందేహం: అయ్యా, నమస్కారం. "డైహైడ్రోజన్ మోనాక్సైడ్ అనే రసాయనం తాగునీటిలో గుర్తించబడింది. దీనికి రంగు, రుచి, వాసన ఉండవు. ఊపిరితిత్తుల్లోకి వెళితే నిమిషాల్లో ప్రాణం పోతుంది. ఇనుమును తుప్పు పట్టించేస్తుంది. క్యాన్సర్ కణితుల్లో కూడా కనుగొనబడింది. వెంటనే అందరికీ పంపండి" అని నా ఫోనుకి ఒక మెసేజ్ వచ్చింది. చదవగానే టెన్షన్ వచ్చి మూడు గ్రూపులకి పంపేశాను. అది నీళ్లకే ఇంకో పేరనీ, ఎవరో సరదాకి రాసిందనీ తర్వాత మా మేనల్లుడు చెప్పాడు. పైగా అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదంటాడు. ఇందులో 'డై' అంటే రంగేనా? ఈ పేరుని తెలుగులో ఏమనాలి? అబద్ధం ఆడకుండానే భయపెట్టే ఇలాంటి కబురుకి మన భాషలో మాట ఉందా?

సమాధానం: అమ్మా, మీ మేనల్లుడు సరిగ్గానే చెప్పాడు. ఆ మెసేజ్‌లో ఉన్నవన్నీ నీళ్ల గురించిన నిజాలే. ఊపిరితిత్తుల్లోకి వెళితే ప్రాణం పోవడమంటే నీట మునిగిపోవడం. కణితుల్లో కనుగొన్నారంటే, శరీరంలోని ప్రతి కణంలోనూ నీరుంటుంది కాబట్టి కణితిలోనూ ఉంటుంది.

ఇక 'డై' అంటే రంగు కాదు. గ్రీకులో రెండు అని అర్థం, మన 'ద్వి'కి చుట్టమే. రెండు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్ కలిసింది అని ఆ పేరు చెబుతోంది. మోనో, ఆక్సైడ్ కలిసేచోట ఒక 'ఓ' జారిపోయి మోనాక్సైడ్ అయింది, మన ఉత్వసంధిలో రాముడు, అతడు కలిసి రాముడతడు అయినట్టు. మీరు పొరబడడంలో తప్పు లేదు. జుట్టుకి వేసే రంగుని, ఇంగ్లీషులో చావడమనే క్రియని, ఈ రెండు అనే గ్రీకు మాటని తెలుగులో ఒకేలా 'డై' అనే రాస్తాం. తెలియని మాట చెవిన పడితే మనసు తనకి తెలిసిన దగ్గరి మాటని పట్టుకుంటుంది. మోనాక్సైడ్ సంగతీ అంతే. కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీసే వాయువని అందరూ వినే ఉన్నారు. ఆ భయం కాస్తా తోక కలిసిన పాపానికి నీళ్లకి అంటుకుంది. రసాయన శాస్త్రవేత్తలు మాత్రం మామూలుగా ఈ పేరు వాడరు. పేర్ల పద్ధతిని నిర్ణయించే అంతర్జాతీయ సంఘం కూడా 'వాటర్' అనే మాటనే అంగీకరించింది.

మీ రెండో ప్రశ్న నాకు చాలా ఇష్టమైంది. హైడ్రోజన్‌కి మన పాత పుస్తకాల్లో ఉదజని, ఆక్సిజన్‌కి ఆమ్లజని అని పేర్లున్నాయి. ఆ లెక్కన ద్వి, ఉదజని కలిస్తే యణాదేశ సంధి వచ్చి ద్వ్యుదజని. ఏక, ఆమ్లజని కలిస్తే సవర్ణదీర్ఘంతో ఏకామ్లజని. చివర 'ఐడ్'కి బదులు ఏదో ఒక ప్రత్యయం తగిలిస్తే పేరు తయారు. కానీ తయారవగానే గుట్టు బయటపడుతుంది. ఒకసారి తరగతిలో సంధులు చెబుతూ బోర్డు మీద ద్వ్యుదజని అని రాసి, ఇది భయంకరమైన పదార్థం అన్నాను. నా చేతిలో సుద్దముక్క ఇంకా బోర్డు మీదే ఉంది, వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి "ఉద అంటే నీళ్లే కదండీ?" అంది. ఉదకం, ఉదధి అన్న మాటలు తెలిసిన ఎవరికైనా ఉదజనిలో నీరు కనిపిస్తుంది. ఉదకాన్ని పుట్టించేది ఉదజని. హైడ్రోజన్ అన్న మాటకి గ్రీకులోనూ అదే అర్థం. 18వ శతాబ్దం చివర ఫ్రాన్సులో లావోయిజర్ అనే రసాయన శాస్త్రవేత్త, ఆయన తోటివారు పెట్టిన పేరది. తెలుగులోకి తెస్తే నిలవని పరిహాసం ఇది. గ్రీకు ముసుగు ఉన్నంతసేపే దాని బతుకు. అందుకని, తెలుగులో ఏమనాలంటే నీళ్లు అనండి. పాఠంలో పేరుతో పని పడితే డైహైడ్రోజన్ మోనాక్సైడ్ అనే రాయండి. ద్వ్యుదజని అంటూ కొత్త పేరు అల్లాల్సిన పని లేదు.

మీ ప్రశ్నకి కాస్త పక్కన ఉన్నదే అయినా ఒక మాట చెప్పాలి. సంస్కృత నిఘంటువుల్లో విషం అన్న మాటకి నీరు అనే అర్థం కూడా ఉంది. అమరకోశం నీటి పేర్ల వరసలో అమృతం, జీవనం అనే రెండింటినీ చేర్చింది. ఒకే వస్తువుకి అమృతమనీ విషమనీ రెండు పేర్లు! కారణం ఒకచోట, ఫలితం మరోచోట ఉన్నట్టు చెప్పడాన్ని అసంగతి అలంకారం అంటారు. దానికి మన అలంకార శాస్త్రకారులు చెప్పే ఉదాహరణ ఒకటుంది. మేఘాలు విషం తాగాయట, మూర్ఛపోయింది మాత్రం బాటసారుల భార్యలట. తాగింది నీళ్లు. వానాకాలం వచ్చినా భర్తలు ఇల్లు చేరలేదని ఆ ఇల్లాళ్లు సొమ్మసిల్లారు. మీకొచ్చిన మెసేజ్ చేసిన పని ఇదే. కాకపోతే కవి చెప్పినప్పుడు వినేవాడికి రెండో అర్థం అందుతుంది, అందులోనే ఆనందం ఉంది. మీకు ఆ రెండో అర్థం అందకుండా చేశారు.

రసాయనం అన్న మాటకీ అన్యాయం జరిగింది. ఆయుర్వేదంలోని ఎనిమిది అంగాల్లో రసాయనం ఒకటి. ముసలితనాన్ని దూరం పెట్టి ఒంటికి బలమిచ్చే చికిత్స అది. ఇవాళ 'రసాయనాలు కలిశాయి' అంటే విషం కలిసిందనే అర్థం చేసుకుంటున్నాం. నీరూ రసాయనమే, ఉప్పూ రసాయనమే. మెసేజ్‌లో ఆ ఒక్క మాట తీసేసి 'పదార్థం' అని పెట్టి చదవండి, సగం భయం పోతుంది.

మిగతా సగం క్రియల్లో ఉంది. 'గుర్తించబడింది', 'కనుగొనబడింది'. ఎవరు గుర్తించారు? ఎంత ఉంటే ప్రమాదం? ఈ 'బడు' ప్రయోగం కర్తని వాక్యంలోంచి తప్పిస్తుంది. తెలుగు నుడికారం ఇలాంటి చోట 'ఫలానావాళ్లు గుర్తించారు' అంటుంది, అనగానే ఆ ఫలానావాళ్లెవరో చెప్పాల్సి వస్తుంది. కర్త లేని వాక్యం కనిపిస్తే అనుమానించమని నా విద్యార్థులకి చెబుతూనే ఉంటాను.

ఈ పరిహాసం పుట్టింది అమెరికాలో. 1983లో మిషిగన్ రాష్ట్రంలోని డ్యురాండ్ అనే ఊళ్లో ఒక వారపత్రిక ఏప్రిల్ 1న, ఊరి నీటి గొట్టాల్లో డైహైడ్రోజన్ ఆక్సైడ్ కనిపించిందని వార్త వేసింది. తర్వాత కొన్నేళ్లకి కాలిఫోర్నియాలోని శాంటాక్రజ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఇప్పటి పేరుతో కరపత్రం పంచారు. 1997లో ఐడహోలో 14 ఏళ్ల కుర్రాడు సైన్స్ ప్రదర్శన కోసం తన తోటి 50 మంది విద్యార్థులకి ఇలాంటి వివరాలే చూపించి, ఏం చేద్దామని అడిగాడు. 43 మంది నిషేధించాలన్నారు. అది నీళ్లని గుర్తుపట్టింది ఒక్కరే. 2004లో కాలిఫోర్నియాలోని అలీసో వియేహో నగర పాలకులు, తయారీలో ఈ 'రసాయనం' వాడతారన్న కారణం చూపి ఫోమ్ కప్పుల నిషేధాన్ని చర్చకు పెట్టబోయి, సంగతి తెలిసి వెనక్కి తీసుకున్నారు. చదువుకున్నవాళ్లూ, ఊరిని నడిపేవాళ్లూ ఇలా పొరబడ్డారు. మీరు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఐడహో కుర్రాడి ఇంటిపేరు జోనర్. నిజాన్నే చెప్పి తప్పుడు నిర్ణయానికి తోసే పద్ధతికి ఆ పేరు మీద ఇంగ్లీషులో జోనరిజం అనే మాట పుట్టింది. మీ మూడో ప్రశ్న దీని గురించే. మనకి ఒక్క మాట లేదు గానీ, ఆ పని మాత్రం ఎప్పటినుంచో తెలుసు. 'అశ్వత్థామ హతః' అని గట్టిగా అని 'కుంజరః' అని గొణగడం అదే కదా. అబద్ధం అందామంటే వాక్యం తప్పు కాదు. పుకారు, వదంతి అందామంటే వాటిలో నిజమెంతో తేలని కబురు అనే అర్థం ఉంది, ఇక్కడ అంతా తేలిందే. నిర్మాణాన్ని బట్టి చూస్తే దీనికి అసలైన దగ్గరి బంధువు పొడుపు కథ. 'కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు వేసినా చప్పుడు కావు' అంటే ప్రతి మాటా నిజమే, కనురెప్పల పేరు ఒక్కటే దాచారు. అయితే పొడుపు కథ వేసినవాళ్లు విప్పమని అడిగి జవాబు కోసం ఆగుతారు. ఈ మెసేజ్ అందరికీ పంపమంటుంది. అందుకే నేనైతే, చివర గుట్టు విప్పితే ఆటపట్టించడం అంటాను, విప్పకుండా వదిలేస్తే బూటకం అంటాను. ఆ కుర్రాడు చేసింది మొదటిది, మీ ఫోనుకి వచ్చింది రెండోది.

అది మొదటిదిగా మారడం ఇప్పుడు మీ చేతుల్లోనే ఉంది. ఆ మూడు గ్రూపుల్లోనూ ఒక్క వాక్యం పెట్టండి: నిన్న పంపిన పొడుపు కథకి జవాబు, నీళ్లు.