ఫారంలో కీలు ఆపే జావాస్క్రిప్ట్ ఫోన్‌లో ఎందుకు పనిచెయ్యట్లేదు?

మీరు అడిగింది ఇదీ కదండీ: ఫోన్ నంబర్ గడిలో అంకెలు తప్ప వేరేవి పడకుండా కీప్రెస్‌లో (కీ నొక్కగానే బ్రౌజర్ పంపే ఈవెంట్) ఆపారు, పేరు గడిలో టైప్ చేస్తుండగానే క్యాపిటల్స్ చేస్తున్నారు, ల్యాప్‌టాప్‌లో అంతా బానే ఉంది, ఫోన్‌లో మాత్రం నంబర్ గడిలో అక్షరాలు కూడా పడుతున్నాయి, పేరు గడిలో కర్సర్ చివరికి దూకుతోంది. రెండూ నేను పడ్డవే.

ఆండ్రాయిడ్ క్రోమ్‌లో చాలా కీబోర్డులకి కీప్రెస్ అసలు రాదండి, కీడౌన్ (కీ కిందికి దిగగానే వచ్చే ఈవెంట్) వస్తుంది గానీ దాదాపు ఏ అక్షరం నొక్కినా కోడ్ 229 అనే చూపిస్తుంది, ఇక ఏ కీ అని చూసి ఆపేది? కర్సర్ సంగతేమో, గడిలో వాల్యూని (అందులో ఉన్న రాతని) మీ కోడ్ మార్చి రాసిన ప్రతిసారీ కర్సర్ చివరికెళ్తుంది, మధ్యలో ఒక్క అక్షరం దిద్దుకుందామన్నా కుదరదు. పైగా తెలుగులో టైప్ చేసేవాళ్ళకి పదం ఇంకా కూడుతూ ఉండగానే మీరు వాల్యూ మార్చేస్తే ఒక్కోసారి అక్షరాలు డబుల్ పడతాయి, తెలుగుకి క్యాపిటల్స్ ఎలాగూ లేవు కాబట్టి ఆ కష్టం వాళ్ళకి ఊరికే. నా మాట వింటే కీల జోలికే వెళ్ళొద్దు, టైప్ చెయ్యనివ్వండి, గడి వదిలి బయటికొచ్చాక బ్లర్ ఈవెంట్‌లో శుభ్రం చెయ్యండి. వెంటనే ఏదైనా చూపించి తీరాలంటే గడిలో రాత మారినప్పుడల్లా వచ్చే ఇన్‌పుట్ ఈవెంట్ వాడండి, అందులో ఈజ్‌కంపోజింగ్ ట్రూ అయితే, అంటే పదం ఇంకా కూడుతూ ఉంటే, ఏమీ ముట్టుకోకుండా వదిలెయ్యండి.

నాకిది ఎక్కడ తెలిసిందంటే, రెండేళ్ళ కిందట మా ఊళ్ళో లైబ్రరీకి మెంబర్‌షిప్ ఫారం చేసిపెట్టా, పేరుకి మాక్స్‌లెంత్ (గడిలో ఎన్ని అక్షరాల దాకా పట్టాలో చెప్పేది) 20 పెట్టా, చాలనుకున్నా. ఒక పెద్దాయన నా పక్కనే కూచుని ఫోన్‌లో పేరు కొడుతున్నారు, వెంకట సత్యనారాయణమూర్తి లాంటి పేరు, "మూర్" దగ్గర ఆగిపోయింది. ఆయన మళ్ళీ చెరిపి మళ్ళీ కొట్టారు, మళ్ళీ అక్కడే. "నా పేరు పట్టదా బాబూ" అన్నారు, నాకు చాలా బాధేసింది. లెక్కేస్తే అర్థమైంది, గుణింతం గుర్తులూ పొల్లూ అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి, ఆ పేరు మధ్యలో ఖాళీతో కలిపి 22. కంటికి రెండక్షరాల "లక్ష్మి" కూడా జావాస్క్రిప్ట్ లెక్కలో 7. అప్పట్నించీ పేరుకి 100కి తక్కువ పెట్టట్లేదు.

పేరులో అక్షరాలే ఉండాలని రెజెక్స్ (రాత ఏ తీరులో ఉండాలో చెప్పే నమూనా) పెట్టేవాళ్ళు కూడా జాగ్రత్త. ఏ నుంచి జెడ్ దాకా అని రాస్తే తెలుగు పేరు ఒక్కటీ వెళ్ళదు. యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకీ కోడ్ ఇచ్చే పట్టిక) లెటర్ అని రాస్తే "కమల" వెళ్తుంది, "సీత" ఆగిపోతుంది, ఎందుకంటే దీర్ఘం గుర్తు యూనికోడ్ లెక్కలో లెటర్ కాదు, మార్క్. కాబట్టి లెటర్, మార్క్ రెండూ పెట్టాలి, రెజెక్స్ చివర పెట్టే యు ఫ్లాగ్ మర్చిపోవద్దు, ఇంటిపేరు పొడి అక్షరం పక్కన చుక్క, ఖాళీ కూడా ఒప్పుకోవాలి. "శ్రీనివాస్‌రావు" అని పొల్లు విడిగా కనపడేలా రాసేవాళ్ళ పేరులో కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటుంది, దాన్నీ రానివ్వండి. నిజానికి పేరుకి రెజెక్స్ పెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం, ఖాళీగా వదల్లేదని చూస్తే చాలు.

ఫోన్ నంబర్‌కి మాక్స్‌లెంత్ 10 ఉంటే తీసెయ్యండి. జనం కాంటాక్ట్స్ నుంచి కాపీ చేసి పేస్ట్ చేస్తారు, ముందు ప్లస్ 91, తర్వాత ఖాళీ, ఆ నాలుగూ పోగా నంబర్‌లో ఆరంకెలే మిగులుతాయి. ఆ గడికి టైప్ టెల్ (ఫోన్ నంబర్ రకం) పెట్టండి, నంబర్ల కీప్యాడ్ దానంతటదే వస్తుంది, బ్లర్‌లో అంకెలు కానివి తీసేసి చివరి 10 ఉంచుకోండి.

ఇంకోటి, సబ్మిట్ బటన్ రెండుసార్లు నొక్కకుండా డిసేబుల్ చేస్తుంటే క్లిక్‌లో కాదు, ఫారం సబ్మిట్ ఈవెంట్‌లో చెయ్యండి, ఎర్రర్ వస్తే మళ్ళీ తెరవడం మర్చిపోవద్దు. మార్చకూడని గడులకి రీడ్‌ఓన్లీ పెట్టండి, డిసేబుల్ చేస్తే ఆ వాల్యూ సర్వర్‌కి వెళ్ళనే వెళ్ళదు. కోడ్ నుంచి పంపాలంటే సబ్మిట్ కాకుండా రిక్వెస్ట్‌సబ్మిట్ పిలవండి, మొదటిది చెకింగులు ఏవీ చెయ్యకుండా పంపేస్తుంది. ఇవన్నీ చేసినా బ్రౌజర్‌లో ఎవరైనా మార్చి పంపగలరు కాబట్టి సర్వర్‌లో మళ్ళీ చెక్ ఉండాల్సిందే.

మార్చాక ల్యాప్‌టాప్‌లో మొబైల్ వ్యూ చూసి ఆగిపోకండి, అందులో ఈ 229 గొడవ కనపడదు. ఇంట్లో ఎవరిదైనా ఆండ్రాయిడ్ ఫోన్ తీసుకుని తెలుగు కీబోర్డుతో వాళ్ళ పేరే కొట్టించి చూడండి, ఇంకా ఆగుతుంటే ఆ గడి కోడ్ ఇక్కడ పెట్టండి, చూస్తా.